ఎదురింటి చెంబు

మా మేనత్త పోయిందన్న కబురు నేనుండే ముఖేడ్‌కు పొద్దుటి బస్సు కండక్టరు తెచ్చాడు. "నాందేడ్ల మీ అత్త పోయిందట, జల్ది రమ్మన్నరు" అన్నాడు. బస్సులో నేను ఏడవలేదు. అత్త ఎదురింటాయన ఇంకా బతికే ఉన్నాడన్న కోపం ఏడుపును రానివ్వలేదు.

అత్తకు చిన్నతనంలోనే భర్త పోయాడు. ఒక బర్రె, ఇంటి పక్కన రేకుల కొట్టం, అంతే ఆమె ఆస్తి. పాలు అమ్ముకుని బతికింది. చదువు రాదు. నేను ఆమె దగ్గరే ఉండి బడికి పోయే రోజుల్లో వాచనాలయం నుంచి మరాఠీ పుస్తకాలు తెచ్చి చదివి వినిపించేదాన్ని. ఆమె అరుగు మీద దీపం వత్తులు చేస్తూ వినేది.

ఒకసారి అట్ట ఊడిన డిటెక్టివ్ నవల ఒకటి దొరికింది. అందులో హంతకుణ్ణి పట్టేది పోలీసులు కాదు, ఒక ముసలమ్మ. ఊళ్లో వాళ్లను పిలిచి చాయ్ పోసి, ముచ్చట్లలోనే గుట్టు రాబడుతుంది. అత్తకు ఆమె తెగ నచ్చింది. నేను ఆత్రంగా పేజీలు తిప్పుతుంటే ఆపేది. "ఆగవే. ఎవడు ఏం చేసిండో కాదు, రోజు చేసే పని ఆ దినం ఎవడు చెయ్యలేదో గది చూడు" అనేది. ఇప్పటికీ ఏ పుస్తకం పట్టినా ఆ మాట గుర్తుపెట్టుకునే చదువుతాను. చివర్లో ముసలమ్మ వాణ్ణి పోలీసులకు అప్పగించి హాయిగా నిద్రపోతే మాత్రం అత్తకు ఒళ్లు మండింది. "గంతేనా? పట్టిచ్చి పండుకున్నదా? నేనైతే వాన్ని పండుకోనిస్తనా!"

ఆ వానాకాలంలోనే అత్త బర్రె చచ్చిపోయింది. తెల్లారేసరికి కొట్టంలో నురగలు కక్కి పడి ఉంది. పాము ముట్టిందన్నారందరూ. ఆమె దాని మెడ పట్టుకుని ఏడుస్తుంటే పాలకు వచ్చినవాళ్లు ఖాళీ చెంబులతో నిలబడిపోయారు. ఉన్నట్టుండి ఏడుపు ఆపి చెంబులన్నీ చూసింది. ఎదురింటి చెంబు రాలేదు. రోజూ అందరికంటే ముందు వచ్చేది అదే. కొట్టం జాగా అమ్మమని ఎన్నాళ్లుగానో వెంటపడుతున్నదీ ఆ ఇంటాయనే.

అత్త లేచి గల్లీ దాటి ఆయన గుమ్మం ముందు నిలబడింది. "ఏమయ్యా, ఇయ్యాల చెంబు పంపలేదేంది?"

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఇయ్యాల పాలు అవసరం లేకుండె" అన్నాడు. లోపల వాళ్ల పసిపిల్ల పాలకు ఏడుస్తూనే ఉంది.

పోలీసులకు చెబుదామన్నాను. "నాలుగు దినాలు లోపటేసి ఇడిసిపెడ్తరు. నాకు చాలది" అంది.

కడియాలు అమ్మి ఇంకో బర్రెను తెచ్చి అదే కొట్టంలో కట్టింది. ఆ ఇంటికి మళ్లీ పాలు పోయలేదు. కానీ రోజూ పొద్దున్నే గల్లీ మధ్యలో నిలబడి అదే మాట అడిగేది. ఆయన కొడుకు పెళ్లి నాడూ అడిగింది. తను జ్వరంతో వణుకుతూ కూడా అడిగింది. ఒక్క తిట్టు తిట్టకుండానే సంగతి ఊరంతా పాకింది. ఏళ్ల తరబడి ఆయన తల ఎత్తి నడవలేదు. అది చూస్తే నాకు కడుపు నిండేది. క్షమించడం గురించి నాకెవరూ చెప్పకండి.

శవాన్ని లేపేటప్పుడు ఆయనా వచ్చాడు. "చాన మంచిది" అని కళ్లు తుడుచుకున్నాడు. నేను పళ్లు కొరుక్కున్నాను.

మర్నాడు మైల ఇంటికి పాలకు ఎవరూ రాలేదు. అయినా బర్రెను పిండక తప్పదు కదా, నేనే పిండి బయటికి వచ్చాను. ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఎన్నో ఏళ్లుగా ఆ వేళకు తెరవని తలుపు. ఆయన గడపలో నిలబడి, గల్లీ అటూ ఇటూ చూసి, నిమ్మళంగా వేపపుల్ల నోట్లో పెట్టుకున్నాడు.

"ఏం కాకా," అని పిలిచాను, "ఇయ్యాల చెంబు పంపలేదేంది?"

వేపపుల్ల నోట్లోనే ఆగిపోయింది.