పెద్ద తలుపులు తీయించిన పూట

మా ముత్తాత వంశధార నదికి ఆవల కొన్ని ఊళ్లకి దొర. ఆయన గుర్రం మీద వస్తుంటే బండివాళ్లు బండి దిగి, తలగుడ్డ తీసి, దారి పక్కన నిలబడేవారు. మా తాతకి కలెక్టరు కచేరీలో కుర్చీ ఉండేది. కూర్చోమని ఒకరు చెప్పనక్కర్లేకుండా వెళ్లి కూర్చునే కుర్చీ. మా నాన్న కాలానికి ఊళ్లు పోయాయి. భూముల్లో కొన్ని చట్టం పట్టుకుపోయింది, కొన్ని ఆయన సంతకమే పట్టుకుపోయింది. పిలుపు మాత్రం మిగిలింది. ఆయన్ని చివరిదాకా దొరగారనే పిలిచారు. అప్పటికి ఆయన నరసన్నపేట బస్సులో కడ్డీ పట్టుకుని, నిలబడి ప్రయాణం చేస్తున్నారు.

నన్ను ఎవరూ అలా పిలవరు. విజయనగరంలో ఒక కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. మాస్టారూ అంటారు. పలుకుతాను.

రిటైరయ్యాక కెమెరా కొన్నాను. ఈ చుట్టుపక్కల జిల్లాల్లో పాత కట్టడమంటూ కనిపిస్తే అక్కడ ఆగడం నా పని అయింది. కోటగోడలు, సత్రాలు, షావుకార్ల పెంకుటిళ్లు, సముద్రం ఒడ్డున ఉప్పుగాలికి పెచ్చులూడుతున్న గిడ్డంగులు, సంత వీధులు. బస్సులో వెళతాను, ఆటోలో తిరుగుతాను, ఎండ నాకు కావలసిన చోటికి వచ్చేదాకా ఒకే గోడ ముందు నిలబడతాను. తీయమని నన్నెవరూ అడగలేదు.

కెమెరా ఎత్తి పైకి చూపిస్తే ఫొటోలో గోడలు వెనక్కి వాలిపోతాయి. ఇప్పటివాళ్లకి అదే అందం. నేను మాత్రం ఎదురింటి మేడ ఎక్కుతాను, మేడ లేకపోతే వీధి చివరిదాకా వెనక్కి నడుస్తాను. గోడ నిలువుగా వస్తేనే తీస్తాను. కట్టినవాడు నిలువుగా కట్టాడు. వాల్చవలసి వస్తే కాలం వాల్చుకుంటుంది, ఆ పని నాకెందుకు?

నిలువుగా తీయడానికైనా ఇల్లు కనిపించాలి కదా. అరసవల్లిలో గుడికి వెళ్లే దారిలో ఒక మంచి పాత మేడ ఉంది. దాని ముఖం మీద ఎప్పుడూ ఎవరో ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ ఉంటుంది. నేను వెళ్లినప్పుడల్లా ఫ్లెక్సీ మీద మనిషి మారేవాడు, మేడ మాత్రం బయటపడేది కాదు. పల్లెల్లో ఫ్లెక్సీలు తక్కువే గాని అక్కడి తంటా వేరు. ఒక పల్లెలో నేను ఇలా స్టాండు నిలబెట్టానో లేదో, ఆ ఇంటి ముసలమ్మ చీపురుతోనే బయటికి వచ్చింది.

"ఏటి బాబూ, సర్వేనా? రోడ్డెడల్పు సేస్తారేటి?"

"కాదమ్మా. ఇల్లు బాగుందని ఫొటో తీసుకుంటున్నాను."

"ఈ కొంప బాగున్నాదా! ఓలమ్మో, ఇన్నారర్రా! వానొస్తే మా గిన్నెలన్నీ గదుల్లోనే ఉంటాయి. బాగున్నాదని రాసీకు బాబూ, మాకు కొత్తిల్లు శాంక్షనవ్వదు."

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. ఆ ఇంటి వసారా స్తంభాల మీద ఎవరో ఓపిగ్గా చిలకల్ని చెక్కారు. వాటి మెడకి బట్టలారేసే తాడు కట్టి ఉంది. మళ్లీ ఏడాది అటు వెళితే స్తంభాలూ లేవు, చిలకలూ లేవు. సిమెంటు డబ్బా లాంటి ఇల్లు లేచింది. ముసలమ్మ సంతోషంగానే ఉంది. ఆవిడ మీద నాకు కోపం రావలసిన పని లేదు, కాని వచ్చింది.

నా ఫొటోలన్నీ చూసే మనిషి ఒక్కరే, మా అక్క. నాకంటే చాలా పెద్దది. భర్త పోయాక విజయనగరంలోనే మా వీధిలో అద్దె వాటాలో ఉంటుంది. ఫొటోలు అచ్చు వేయించి తీసుకెళితే కిటికీ దగ్గరికి జరిగి, ఒక్కొక్కటీ కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసేది.

"ఊరందరి గుమ్మాలూ తీస్తావు గాని మన గుమ్మం తియ్యవేరా? సిగ్గేస్తాదేటి?" అనేది.

మన గుమ్మం అంటే కోటబొమ్మాళి దాటాక లోపలికి ఉన్న మా ఊళ్లో మా దివాణం. దాన్ని మా నాన్న నరసన్నపేట షావుకారు ఒకాయనకి అమ్మేశారు. వాళ్లు దాన్ని ధాన్యం గొడౌను చేసుకున్నారు. ఆ తర్వాత నేను ఆ ఊరి వైపు వెళ్లలేదు. సిగ్గు వల్ల కాదు. ఆ ఊళ్లో దిగితే కూర్చోవడానికి నాకు చోటు లేదు.

అక్కకి కావలసింది వీధి గుమ్మం కాదని నాకు తెలుసు. మా ఇంట్లో ఆడవాళ్లకి ఘోషా. వాళ్లు తిరిగిన లోపలి భాగంలోకి ఫొటోగ్రాఫరు అనేవాడు ఎన్నడూ అడుగు పెట్టలేదు. అందుకని మా తాత తుపాకీతో ఉన్న ఫొటో ఉంది, గుర్రంతో ఉన్న ఫొటో ఉంది, చివరికి ఆయన కుక్కది కూడా ఉంది. మా అమ్మ కూర్చున్న లోపలి వసారా మాత్రం ఏ ఫొటోలోనూ లేదు. మా అక్క పుట్టింది, పెరిగింది, పెళ్లయి బయటికి వచ్చేదాకా ఉన్నది ఆ వసారాలోనే.

కిందటేడు ఒక కబురు వచ్చింది. షావుకారు కొడుకు ఆ లోపలి భాగాన్ని పడగొట్టి, పంట రోజులు అయ్యాక రేకుల షెడ్డు వేస్తాడట. అది విన్నాక అక్క వెక్కిరించడం మానేసింది.

"ఒరే తమ్ముడూ, ఆ వసారా ఒక్కసారి నా కళ్లకి సూపించు. అంతకన్నా నిన్నేటీ అడగను," అంది.

షావుకారు కొడుక్కి ఫోన్ చేశాను. అతని గొంతులో మర్యాదకి లోటు లేదు.

"అయ్యో, దానికి అడగాలేటండి బాబుగారూ? మీ ఇల్లే కదండీ. ఎప్పుడొచ్చినా తీసుకోండి."

మా ఇల్లేనట. ఆ మాట ఎవరైనా అనవచ్చు, అతను అనకూడదు.

పాసింజరులో కోటబొమ్మాళి స్టేషన్లో దిగి ఆటో మాట్లాడుకున్నాను. ఊళ్లో దిగి ముందు బయటి భాగం తీశాను. ఎదుటి ఎరువుల కొట్టువాడు మేడ ఎక్కనిచ్చాడు. అక్కడి నుంచి మా దివాణం నిలువుగానే వచ్చింది. పైకప్పు మీద బంగాళా పెంకు సగం పోయి, ఆ చోట రేకులున్నాయి. గోడ మీద సిమెంటు కంపెనీ ప్రకటన వేశారు. మధ్యలో పెద్ద తలుపులు మాత్రం ఎలా ఉండేవో అలాగే ఉన్నాయి. రెండు రెక్కలూ టేకువి, ఇత్తడి పువ్వులు కొట్టినవి. వాటిని చూడగానే నా వీపు దానంతటదే నిటారయింది.

దిగి గుమ్మం దగ్గరికి వెళ్లాను. షావుకారు కొడుకు లోపలి నుంచి కుడి రెక్కలో కోసిన చిన్న తలుపు తెరిచి, వంగి, తల బయటపెట్టాడు. యాభై దాటిన మనిషి, పొట్టి చేతుల చొక్కా, జేబులో రెండు ఫోన్లు.

"రండి బాబుగారూ, రండి. ఒంగి వచ్చీండి, తల కాసుకోండి."

నేను కదల్లేదు.

పెద్ద తలుపులో ఉండే ఆ చిన్న తలుపుని దిడ్డి అంటారు. రోజూ వచ్చేపోయే నౌకర్లకి, పాలేర్లకి, అర్జీ పెట్టుకునేవాళ్లకి అది. ఎంతటివాడైనా వంగితే తప్ప అందులోంచి లోపలికి రాలేడు. అలా వంగడం కోసమే దాన్ని అంత పొట్టిగా చేయించారు. మా ఇంటి మనిషి దిడ్డిలోంచి రాడు, పోడు. మాకు పెద్ద రెక్క తీయాలి. మా తాత శవం వెళ్లినప్పుడు రెండు రెక్కలూ తీశారు. ఇల్లు అమ్మిన రోజు మా నాన్న కూడా రెండూ తీయించుకునే బయటికి నడిచారు.

"పెద్ద తలుపు తీయించండి," అన్నాను.

"అది రాదండి బాబూ. గొడౌనుకని లోపల సిమెంటు పోయించీసేం కదండి, తలుపు అడుగంతా అందులో కూరుకుపోనాది. మేవందరం ఇందులోంచే తిరుగుతాం. లారీ సరుకుకి ఎనకాల గేటున్నాది. పోనీ అటేపు నుంచి వస్తారేటి?"

"వెనక నుంచి రాను."

"మరి ఇటేపు నుంచి?"

"వంగి రాను."

అతను నా ముఖంలోకి చూశాడు. అతని వెనక, లోపల, మూటలు మోసే కళాసీలు ఇద్దరు ధాన్యం బస్తాల మీద కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. వాళ్లలో ఒకడు రెండోవాడితో గొంతు తగ్గించకుండానే అన్నాడు: "ఒరే బావా, నడుం నొప్పేమోరా పాపం పెద్దాయనికి."

"నడుం కాదురా. దొరతనం," అన్నాడు రెండోవాడు.

షావుకారు కొడుకు వాళ్లని కసిరి, నా వైపు తిరిగాడు. "ఉండండి. మా నాన్న సెప్పీవోడు, మీ నాన్నగారు ఎల్లిన రోజున రెండు తలుపులూ తీయించుకుని ఎల్లేరని. ఆయన ఎనక తిరిగి సూడనేదట. ఎలాగూ పంటయ్యేక ఈ గచ్చు పగలగొట్టాలి. ఇప్పుడు నాలుగు పోట్లు పొడిస్తే పోయిందేటి! ఒరే, గునపాలట్రండిరా!"

ఎరువుల కొట్టువాడు కుర్చీ తెచ్చి వేశాడు. నేను కూర్చోలేదు. వీధిలో జనం మూగారు. లోపల గునపం దెబ్బలు మొదలయ్యాయి. పొడిచినప్పుడల్లా తలుపు అదిరి, ఇత్తడి పువ్వుల సందుల్లోంచి దుమ్ము రాలింది. ఆ పాత తలుపులకి ఇనుప మడతబందులు లేవు. రెక్క చివర కొయ్యనే గుండ్రంగా చెక్కి, పైనా కిందా గుంటల్లో నిలబెట్టారు. కింది గుంట సిమెంటులో పూడిపోయి ఉంది. ఆ సంగతి గునపం పట్టినవాడికి తెలియదు. తలుపుల కోసం పట్టుబట్టిన నాకు మాత్రం ఏం తెలుసు?

"ఆగరా! అటేపు కాదు, ఇటేపు తొయ్యి!"

"తోస్తన్నాను గదేటి బావా! రాదే!"

"ఒచ్చీసింది, ఒచ్చీసింది... ఓరి నాయనో, పట్టండిరా!"

కుడి రెక్క తెరుచుకుంది. తెరుచుకోవడమంటే కిందనున్న కొయ్య విరిగి, రెక్క మొత్తం లోపలికి ఒరిగి, ధాన్యం బస్తాల మీద ఆనుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. గుమ్మం నిండా వెలుతురు పడింది.

"రండి బాబుగారూ," అన్నాడు షావుకారు కొడుకు, తల మీద దుమ్ము దులుపుకుంటూ. "ఇప్పుడు ఒంగక్కర్లేదు."

నేను నిటారుగా లోపలికి నడిచాను.

లోపలి వసారాలో స్తంభాలు నాలుగూ ఉన్నాయి. నడుం ఎత్తు దాకా గోనెసంచుల రాపిడికి నున్నబడ్డాయి. నేల మీద వడ్లు, ఎలుకమందు పొట్లాలు, ఒక పాత తూకం యంత్రం. మా అమ్మ కూర్చునే గోడ వారన, బస్తాల మీద కప్పే పరదాలు చిరిగినవి గుట్టగా వేశారు. వాటిని పక్కకి తీయమని అడగబోయి మానుకున్నాను. ఉన్నది ఉన్నట్టే తీశాను. పగిలిన గుమ్మంలోంచి వచ్చిన వెలుతురు సూటిగా ఆ గోడ దాకా వెళ్లింది. నేను తీసిన అన్ని ఫొటోల్లోకీ అవి మంచివి.

మర్నాడు వాటిని అక్కకి ఇచ్చాను. ఆవిడ కిటికీ దగ్గర చాలాసేపు చూసింది. అమ్మ గోడని వేలితో తాకింది. ఏడవలేదు. మా ఇంట్లో ఎవరూ ఎదుటివాళ్ల ముందు ఏడవరు. తర్వాత ఒక ఫొటో వెలుతురుకి పట్టుకుని అడిగింది.

"ఇంత ఎలుగు ఎక్కడిదిరా? వసారాలో ఎప్పుడూ మసకే కదా."

జరిగింది చెప్పాను. ఆవిడ ఫొటో ఒడిలో పెట్టుకుంది.

"దిడ్డిలోంచి ఒంగి ఎల్తే ఏటయిపోనురా?"

"మన ఇంటి మనుషులు ఎప్పుడైనా అలా వెళ్లారా?"

"నువ్వెల్లలేదు. నాన్న ఎల్లలేదు. అమ్మా నేనూ పండగలకి గుడికెల్లామంటే తెల్లారకముందే, ముసుగేసుకుని, ఆ సిన్న తలుపులోంచే కదరా? మా కోసం పెద్ద తలుపు ఎవరు తీశారు? అంత సప్పుడైతే ఊరంతా లేస్తుందనేవారు. అమ్మకి పొడుగెక్కువ. ఎప్పుడూ ఆ తలుపుకి నుదురు కొట్టుకునేది."

ఆ సంగతి నాకు తెలియదు. ఆ ఇంట్లో పుట్టి, పెరిగి, ఆ ఇంటి పేరు మోస్తూ, కాలేజీలో చరిత్ర చెప్పి కూడా నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. ఆడవాళ్ల రాకపోకలు మగవాళ్లతో మాట్లాడే విషయాలు కావు.

"నువ్వు ఒంగుంటే ఆ తలుపులు అలాగే ఉండేవి," అంది అక్క.

ఉండేవి. సిమెంటులో కూరుకుని, మూసి ఉండేవి. మళ్లీ వెళ్లవలసి వచ్చినా నేను వంగను. ఈ మాట అక్కతో అనలేదు. ఆవిడ తల అప్పటికే ఫొటోల మీదికి వంగి ఉంది.

విరిగిన రెక్కని మళ్లీ నిలబెట్టేవాడు ఆ చుట్టుపక్కల దొరకలేదని షావుకారు కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. మీకేమైనా కావాలా అని మర్యాదగానే అడిగాడు. మా ఇంటి తలుపుని నేను ఒకరి దగ్గర అడిగి తెచ్చుకోను. తెచ్చుకున్నా నేనుండే రెండు గదుల వాటాలో దాన్ని నిలబెట్టే గోడ లేదు. అక్కర్లేదన్నాను.

పంట రోజులు అయ్యాక లోపలి వసారా పడగొట్టి రేకుల షెడ్డు వేశారు. పెద్ద తలుపుల రెండు రెక్కల్నీ ద్వారబంధంతో సహా విశాఖపట్నం నుంచి వచ్చిన పాత కలప వ్యాపారికి అమ్మేశారు.