ఎర్రదుమ్ము బ్యాండు ఐదో పాట

ఆ రోజుల్లో మా అనంతపురం జిల్లా కుందుర్పి వైపు పనిలేని కుర్రాళ్లు రెండు రకాలుగా ఉండేవాళ్లు: బెంగళూరు పోయినవాళ్లు, పోబోతున్నవాళ్లు. మేం ముగ్గురం ఎటూ పోకుండా రాక్ బ్యాండు పెట్టాం. గిటార్ మా బావ (మూడు తీగలు తెగినా వాయించగలడు, ఆరూ ఉన్నా అంతే వాయించేవాడు). డ్రమ్ములు మా స్నేహితుడు గుండు. చర్చిలో నేర్చుకుని, పాస్టరుగారు చెవులు మూసుకునే స్థాయికి ఎదిగాడు. పాడేది నేను. బ్యాండు పేరు ఎర్రదుమ్ము. ఒక కాలేజీ వార్షికోత్సవంలో, కరెంటు పోయేదాకా, జనం మమ్మల్ని నిజంగానే నెత్తిన పెట్టుకున్నారు. దాంతో ఐదు పాటల ఆల్బం చెయ్యాలని పిచ్చి పట్టింది. ఆ పిచ్చంటే నాకిప్పటికీ ఇష్టమే.

స్టూడియో ఏమో మా మామ, అంటే బావ వాళ్ల నాయన గోడౌను. రేకుల కప్పు కింద ఏం పాడినా గోడలు తిరిగి మాకే పాడి వినిపించేవి. వానల్లేక విత్తనం పడలేదు కాబట్టి విత్తనపు శెనక్కాయల మూటలన్నీ అక్కడే ఉన్నాయి. బావ వాటిని మా చుట్టూ తలెత్తున పేర్పించాడు. ఇక చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం! మామ తొంగిచూసి, "ఏమప్పా, విత్తనానికి పాటలు నేర్పిస్తాండారా? రేపు మొలిసినాక ఎగిరి చిందులేస్తే మీదే బాద్దెత" అన్నాడు.

నాలుగు పాటలు అయిపోయాయి. ఐదోది గుండు కట్టింది, వాళ్లమ్మ కూలికి పోతూ తీసే రాగంలోంచి పుట్టింది. అదే మా అసలు పాట, మిగతావన్నీ తోడుపెళ్లికొడుకులు. బావ అడిగి తెచ్చిన మైకులు ఆ సాయంత్రమే బస్సులో తిరిగి పంపాలి. మొదటి చరణం సగంలో ఏదో టపటప చప్పుడు. గుండు లయ తప్పాడనుకున్నాను (అలవాటు కొద్దీ). కాదు, వాన.

మామ తువ్వాలు నెత్తినేసుకుని తలుపు తోసుకొచ్చాడు. "లేయండ్రా! మూటలు ట్రాక్టర్‌కెక్కించండి. ఈ పొద్దే కాయ ఒలిపించల్ల, రేపు నేల పదును ఆరకముందే విత్తనం పడల్ల!"

"నాయనా, ఒక్క పాట. ఐదు నిమిసాలు" అన్నాడు బావ.

"వాన నీ కోసరం ఆగుతాదా?"

బావ ఇంకా ఏదో అనబోతుంటే గుండే పుల్లలు కింద పెట్టాడు. "అన్నా, విత్తేదానికి మాయమ్మ ఒగతే ఉండాది. నేను పోవల్ల" అని మొదటి మూట తనే భుజానికెత్తుకున్నాడు. మా స్టూడియో గోడలు మూటా మూటా ట్రాక్టరెక్కి వెళ్లిపోయాయి. ఊరంతా తడుస్తూ నవ్వుతుంటే నాకు కన్నీళ్లాగలేదు. మామ అది చూసి, "చూడండ్రా, వానొచ్చిందని పిల్లోడు ఏడుస్తాండాడు!" అని పొంగిపోయాడు.

ఆల్బం నాలుగు పాటలతోనే బయటికొచ్చింది. విన్నవాళ్లు బాగుందన్నారు, వాళ్లకేం తెలుసు. ఆ ఏడు శెనగచెట్ల ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే వేళకు వాన మొహం చాటేసింది, పంట కూడా చేతికి రాలేదు. బావ బెంగళూరు చేరాడు. గుండును ఆ పాట గురించి అడిగితే, "పల్లవుండాది అన్నా, చరణం యాడో పోయినాది" అంటాడు. నా దగ్గరా పల్లవే మిగిలింది. ముగ్గురం ఒక్క మధ్యాహ్నం మళ్లీ కూర్చుంటే దొరుకుతుందేమోనని ఆశ, కూర్చోవడమే కుదరదు.

ఇప్పుడు అనంతపురంలో తొలివాన మొదలైతే వీధిలో అందరితో పాటు నేనూ మురిసిపోయి చెయ్యి చాపుతాను. చాపి, పక్కవాళ్లకు వినపడకుండా, "తల్లీ, ఒక్క ఐదు నిమిషాలు ఆగు" అంటాను. ఈ జిల్లాలో పుట్టి వానను ఆగమనేవాణ్ని నేనొక్కణ్నే అయ్యుంటాను.