దూడకు లార్జ్ పెగ్గు

ఈ పొద్దున చౌడేపల్లెలో మా నాలుగు నెలల దూడ పొట్ట ఉబ్బి రొప్పసాగింది. తాను పుంగనూరు నుంచి వచ్చేలోగా ఇంట్లో ఉన్న ఉబ్బరం మందు అరవై మిల్లీలీటర్లు తాగించమనీ, ఎక్కువైతే ప్రమాదమనీ పశువుల డాక్టరు ఫోన్లో చెప్పాడు. ముప్ఫై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, కొలిచే గ్లాసు కోసం వంటిల్లంతా వెతికాను. దొరికితేగా!

పక్కింటి మునెప్ప గోడ మీంచి తొంగి చూశాడు. తాగుడు మానమని నేను రోజూ తిట్టేది ఇతన్నే.

“ఎంత పొయ్యల్లమ్మా?”

“అరవై మిల్లీ.”

“లార్జ్ పెగ్గే గదా! దీనికి యాల అంత ఎతుకుతాండావు?”

ఖాళీ క్వార్టరు సీసా కడిగి తెచ్చాడు. లేబులు మీద గోటితో గీత పెట్టి, అక్కడిదాకా మందు పోసి, దూడకు మెల్లగా తాగించాడు. డాక్టరు వచ్చాక ఆ గీతదాకా నీళ్లు నింపి సిరంజితో కొలిపించాను. అరవై ఒకటి.

“ఒక మిల్లీ ఎక్కువ పోసినావప్పా.”

“కొసరు లేమ్మా!”

సాయంత్రానికి దూడ తల్లి దగ్గర పాలు తాగింది. మునెప్పకు చేతులెత్తి దండం పెట్టాను. ఇవాళంతా ఒక్క మాట అనలేదు. మీరే చెప్పండి, ఇంత మేలు చేసినవాణ్ణి ఎన్ని రోజులు తిట్టకుండా ఉండాలి?