నాన్న చేయించిన ఇంజన్

మా నాన్న సినిమాల్లో కార్లను పల్టీలు కొట్టించేవాడు. ఒక పల్టీలో ఎడమ మోకాలు నుజ్జయింది. ఇక క్లచ్ తొక్కలేకపోయాడు. అప్పట్నుంచి ఫిల్మ్‌నగర్ సందులో మా రెండు గదుల ఇంటి ముందు కుర్చీ వేసుకుని, జూబ్లీహిల్స్ వైపు ఎక్కే కార్లను తిట్టుకుంటూ కూర్చునేవాడు. ఆయన పాత పెట్రోలు కారు గోడ పక్కన కవరు కప్పుకుని పడి ఉండేది.

నేను ఆటోమొబైల్ డిప్లొమా చేశాను. సర్వీస్ సెంటర్లో మాత్రం నన్ను కౌంటర్ దగ్గర కూర్చోబెట్టారు. బానెట్ ఎత్తే పని మగవాళ్లదట. ఆ సంగతి నాన్న ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ నవ్వుతూ చెప్పేవాడు.

"మా అమ్మాయి ఇంజనీరండీ. కస్టమర్లకి కాఫీలు అందిస్తుంది."

అలాంటి మనిషి ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, కారు తాళంచెవి నా ఒళ్లోకి విసిరాడు.

"దీన్ని లేపగలవా? ఊరికే నడవడం కాదు. నిలబడ్డ చోటి నుంచి దూకాలి."

"ఎందుకు నాన్నా?"

"చేతకాకపోతే చెప్పు, ఇంకొకణ్ణి చూసుకుంటాను."

చేతనవుతుందన్నాను. ఉద్యోగం నుంచి రాగానే చేతులకి గ్రీజు పూసుకోవడం మొదలైంది. ఇంజన్ విప్పితే సిలిండర్లు అరిగిపోయి ఉన్నాయి. బోరబండలో లేత్ షాపుకి తీసుకెళ్లి, వాటిని కాస్త పెద్దవి చేయించి, కొత్త పిస్టన్లు వేయించాను. లేత్ పట్టే పెద్దాయన తల గోక్కున్నాడు.

"గింత పాత ఇంజన్‌కి గంత తాకత్ ఎందుకమ్మా? జర ఆలోచించు. ఎక్కువ రోజులు ఆగది."

నేను వినలేదు. గాలి ఇంజన్లోకి పోయే దారుల్ని చేత్తో రుద్ది నునుపు చేశాను. పెట్రోలు ఎక్కువ అందేలా కార్బొరేటర్ మార్చాను. పొగ గొట్టం వెడల్పుది వేశాను. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్ గొంతు పట్టినట్టు రెండు మూడుసార్లు ఎగశ్వాస తీసి ఆగిపోయింది. నాన్న కుర్చీలోంచి అన్నాడు.

"మీ అమ్మ ఆఖర్లో అచ్చం ఇలాగే దగ్గింది."

చేతిలో ఉన్న స్పానర్ ఆయన మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. మళ్లీ కార్బొరేటర్ విప్పాను.

చివరికి బండి లేచింది. నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కించాను. రెండో గేరులో వీపు సీటుకి అతుక్కుపోయింది. బండి ఆపించి, వెనక్కి తీసుకెళ్లమన్నాడు.

"ఆ గేటు దగ్గర ఆపు. ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేసరికి ఎంత స్పీడ్ వస్తుందో చూడాలి. ఊఁ, మళ్లీ."

ముచ్చటపడి తిప్పిస్తున్నాడనుకున్నాను. దిగేటప్పుడు "సరిపోతుంది" అన్నాడు. నా జీవితంలో ఆయన నోటి నుంచి వచ్చిన మెచ్చుకోలు అదొక్కటే. దాన్ని మనసులో పెట్టుకుని నాలుగు రోజులు నాలో నేనే నవ్వుకుంటూ తిరిగాను.

ఆ వారంలోనే ఒక ఫైట్ మాస్టర్ వచ్చాడు. ఒకప్పుడు నాన్న దగ్గర అసిస్టెంటు. ఛేజ్ సీన్‌కి బండి కావాలన్నాడు. "నీ ఇంజన్ని తెర మీద చూసుకో" అన్నాడు నాన్న నాతో. యూనిట్ వాళ్లు వచ్చి తోలుకుపోయారు.

షూటింగ్ రోజు సెలవు పెట్టి, నాన్నని ఆటోలో తీసుకెళ్లాను. బండికి ఎర్ర రంగు వేశారు. లోపల డ్రైవరు సీటు తప్ప మిగతావి పీకేసి ఇనప పైపులు వెల్డింగ్ చేశారు. డ్రైవరు భద్రత కోసమేమో అనుకున్నాను. రోడ్డు మలుపు దగ్గర ఇద్దరు టార్పాలిన్ లాగారు. దాని కింద ఏటవాలు పైపు ర్యాంపు ఉంది. కారుని గాల్లోకి లేపి తిరగేసేది.

"నాన్నా, పల్టీ కొట్టిస్తున్నారా?"

"మరి? ఇక్కడ రోడ్డు పొట్టి. ఈ కాస్త దూరంలో ఆ స్పీడ్ రావాలంటే మామూలు ఇంజన్ చాలదు. అందుకేగా నీ చేత చేయించింది."

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఇంత శ్రద్ధగా చేసేదానివా?"

ఇంతలో బండి తోలాల్సిన కుర్రాడు హెల్మెట్ చంకలో పెట్టుకుని నా దగ్గరకి వచ్చాడు.

"అక్కా, నువ్వే చేసినవంట గదా. గేర్ ఎప్పుడు మార్చాలె? స్పీడ్ తక్కువైతే బండి సక్కగ పల్టీ కొట్టదు, నా మెడ ఇరుగుతది."

వాడి కళ్లలో భయం కనిపిస్తోంది. అబద్ధం చెప్పే వీల్లేదు. "రెండో గేరులోనే ఉంచు. ఇంజన్ అరుస్తుంది, భయపడకు, కాలు తీయకు" అన్నాను. నా చేతులతో నేనే బండిని ర్యాంపు మీదకి నెట్టినట్టయింది.

మాస్టర్ వంగి మైకు నాన్న చేతికిచ్చాడు. "గురువుగారూ, యాక్షన్ మీరే చెప్పాలి." ఈ ఒక్క మాట కోసమే ఇదంతా జరిగిందని నాకప్పుడు అర్థమైంది. నాన్న చేతికర్ర పక్కన పెట్టి నిటారుగా నిలబడి యాక్షన్ చెప్పాడు.

బండి ఎక్కడా తడబడలేదు. గాల్లోకి లేచి, తిరిగి, వీపు మీద పడి జారింది. చక్రాలు పైకి పెట్టుకుని కూడా కాసేపు ఇంజన్ అరుస్తూనే ఉంది. ఆయిల్ అందక లోపల ఇనుము ఇనుముని కోసుకుంటున్న చప్పుడు. ఎవరో ఆపమని కేకేశారు. కుర్రాడు క్షేమంగా బయటికి పాకాడు. యూనిట్ అంతా చప్పట్లు కొట్టింది. నాన్న మానిటర్ దగ్గరికి కుంటుకుంటూ వెళ్లి మళ్లీ మళ్లీ వేయించుకుని చూశాడు.

"ఇంజనైనా ఇప్పించండి" అని మాస్టర్ని అడిగాను. తుక్కు కొనేవాడికి ఇచ్చేయడానికి నాన్న అప్పటికే ఒప్పేసుకున్నాడు.

సినిమా వచ్చింది. ఆ షాట్‌కి ఏదో విదేశీ కారు చప్పుడు అతికించారు. ఫోన్లో పెట్టుకుని చూస్తున్న నాన్నతో చెప్పాను.

"అది నా ఇంజన్ చప్పుడు కాదు."

"ఎవడికి కావాలే" అన్నాడు తల ఎత్తకుండా. షాట్ మళ్లీ మొదట్నుంచి పెట్టి, "మాస్టర్ దగ్గర ఇంకో పాత బండి ఉందట. చేస్తావా?" అన్నాడు.

లేచి లోపలికి వెళ్లిపోవాల్సింది. గుమ్మం దగ్గర ఆగి, కార్బొరేటర్ బండా, ఫ్యూయెల్ ఇంజెక్షన్ బండా అని అడిగాను.