తెర కింద వేలాడిన వరుస

“ఆ లైను టైపు చెయ్యడం మర్చిపోయానని ఒప్పుకుంటే అయిపోతుంది కదమ్మా.”

“చేశాను సార్. చేసినదాన్ని చెయ్యలేదని ఎందుకంటాను?”

మీటింగు హాలు బయట కేబుల్ చుడుతున్న మరిది చెయ్యి ఆగిపోయింది. లోపల సూపరింటెండెంటుకు ఎదురు చెబుతున్నది అతని వదిన. ఆసుపత్రి మొత్తానికి ఆమె గళ్ల మేడమ్. ఎవరి స్లైడులో పట్టిక చెడినా, గడిలో అంకె రెండు ముక్కలై కిందికి జారినా ఆమె బల్ల దగ్గరికే పరిగెత్తుకొస్తారు. టైపిస్టుగా చేరిన మనిషి. ఈ పని ఎవరూ నేర్పలేదు, తిట్టుకుంటూ తనే నేర్చుకుంది. పని అయ్యేదాకా మేడమ్, అయ్యాక ‘ఆ టైపు చేసే ఆవిడ’.

ఆ మధ్యాహ్నం ఏ గదులకు మరమ్మతు చేయించాలో కమిటీ తేల్చింది. ప్రొజెక్టరు, మైకు మరిది పని కాబట్టి పట్టికను తెర మీద వేసింది అతనే. అందులో లాండ్రీ లేదు. లేదు కనుక దానికి మరమ్మతూ లేదు. లాండ్రీ ఉన్న నేలమాళిగలో ఆవిరిని బయటికి లాగే ఫ్యాను ఎప్పుడో చచ్చిపోయింది. పోయిన వారం అక్కడొకావిడ కళ్లు తిరిగి తడిబట్టల మీద పడిపోతే పైకి మోసుకొచ్చిన వాళ్లలో వదిన కూడా ఉంది.

మరిది తలుపు తోసుకుని వెళ్లేసరికి వదిన ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. స్లైడును చిన్నది చేసి చూపించింది. లాండ్రీ వరుస ఉంది, స్లైడు అంచు దాటి కింద వేలాడుతోంది. కమిటీ ఛైర్మన్‌గారి కంటికి ఆనవని పొద్దున అక్షరాలు పెద్దవి చేసింది సూపరింటెండెంటే. అక్షరాలు ఉబ్బితే వరుసలూ ఉబ్బుతాయి, పట్టిక కిందికి పెరుగుతుంది. అడుగున ఉన్నది తెర మీదికి రాదు.

“అయితే నువ్వు ముందే చోటు వదలాల్సింది,” అన్నాడాయన.

మరిదికి ఒళ్లు మండిపోయింది. నోరు తెరవబోతే వదిన కళ్లతోనే నొక్కేసింది.

మర్నాడు సంతకాలకు కమిటీ మళ్లీ కూర్చుంటుంది. దిద్దుకోవడానికి అదే ఆఖరి అవకాశం. ఆమె వరుసను పట్టుకుని పైకి నెట్టింది, కదల్లేదు. గడుల్లో ఎవరో ఎంటర్ కొట్టి వదిలేసిన ఖాళీ లైన్లు తీసేసింది. గడి లోపలి అంచులు తగ్గించి, అక్షరాలు ఒక మెట్టు దించింది. లాండ్రీ పైకొచ్చింది.

అక్షరాలు మళ్లీ చిన్నవైపోయాయని ఆయన సణిగాడు. రెండు స్లైడ్లు చేస్తానంటే ఛైర్మన్‌గారికి అంత ఓపిక లేదన్నాడు. పోనీ లాండ్రీని మొదట పెడతానంటే అంతస్తుల వరుస తప్పకూడదట. నేలమాళిగ అడుగునే ఉండాలట.

“పొద్దున నేనొకసారి సరిచూస్తాలే,” అని ఫైలు పెన్‌డ్రైవులో వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ సరిచూడటమంటే అక్షరాలు మళ్లీ పెంచడమేనని ఇద్దరికీ తెలుసు. మరిది అక్కసంతా కక్కేశాడు. ఆ గళ్లకున్న బుద్ధి కూడా ఈయనకు లేదన్నాడు. ఒక్క పూట ఆ ఆవిరిలో నిలబెడితే తెలిసొస్తుందన్నాడు. వదిన అతన్ని అలసిపోయేదాకా అరవనిచ్చింది.

“నీ అరుపులు నాకెందుకు బాబూ. రేపు నన్ను హాల్లోకి రానివ్వరు, నువ్వుంటావు. తెర మీద లాండ్రీ కనబడకపోతే ప్రొజెక్టరు ఆపెయ్. ఎవరు తిట్టినా, నన్ను లోపలికి పిలిచేదాకా మళ్లీ వెయ్యకు.”