ఉతకని అంగి

మాది మంథని. పెళ్లయిన ఏడాదికే మా ఆయన దుబాయ్ వెళ్లారు. వెళ్లేముందు నాకు తోడుంటాయని రెండు కుందేళ్లను తెచ్చిచ్చారు. తెల్లది పిండి, నల్లది బొగ్గు. చార్జర్ వైరు, చాట అంచు, అత్తమ్మ చెప్పుల పట్టీ, దేన్నీ కొరకకుండా వదలవు.

రెండేళ్లు గడిచాయి. ఒక శుక్రవారం ఆయనకు సెలవు. నేనూ అత్తమ్మా వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే, కుందేళ్లు రెండూ కలిసి నా పరుపు కింద నుంచి నీలం అంగిని నడింట్లోకి ఈడ్చుకొచ్చాయి. ప్రయాణం రోజు ఆయన విడిచిన అంగి అది. ఉతకకుండా దాచుకున్నాను.

"గది నా అంగి గాదా? ఇప్పటిదాక ఉతకలేదా?" అని ఆయన ఒకటే నవ్వు.

"గా అంగి కోసం ఇల్లంత దేవులాడిన గదనే!" అంది అత్తమ్మ.

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అత్తమ్మ లేచి కుందేళ్ల నోట్లోంచి దాన్ని లాక్కుంది. బకెట్లో వేస్తుందేమోనని చెయ్యి చాచాను. కానీ ఆమె దాన్ని ఒక్కసారి ముఖానికి అదుముకుంది.

"ఉతకకు బిడ్డా. బీరువల పెట్టు, వీటికి అందకుంట."

ఫోన్లో నవ్వు ఆగిపోయింది.

అప్పటిదాకా ఆ బెంగ నాదొక్కదానిదే అనుకున్నాను. ఇప్పుడు బీరువా తాళంచెవి ఒకటి నా దగ్గరుంటే, రెండోది అత్తమ్మ కొంగుకు ఉంటోంది.