ఎదురుగాలిలో ఇంజను సైకిలు

అంతోనికి పామర్రులో స్ప్రేయర్లు బాగుచేసే కొట్టు ఉండేది. వరిచేలకు పురుగుమందు కొట్టే ఆ పెట్రోలు యంత్రాలు అప్పుడప్పుడే ఊరూరికీ వస్తున్నాయి. వీపుకు తగిలించుకునే ఆ యంత్రంలో కొబ్బరికాయంత ఇంజను ఉంటుంది. అది మొరాయిస్తే రైతులు అంతోని దగ్గరికి తెచ్చేవారు. అతను మర విప్పకముందే ఒకసారి స్టార్టు చేయించి, కళ్ళు మూసుకుని వినేవాడు. అలా వింటున్నప్పుడు ఎవరు పలకరించినా పలికేవాడు కాదు.

అతని భార్య మార్త ప్రభుత్వ నర్సు. కాలవ గట్టు వెంట ఉన్న ఆరు ఊళ్ళలో పురుళ్ళు పోయాలన్నా, పిల్లలకు టీకాలు వేయాలన్నా ఆమే. రోజూ సైకిలు మీద వెళ్ళేది. పొద్దున వెళ్ళేటప్పుడు హాయిగానే ఉండేది. సాయంత్రం ఇంటికి తిరిగేసరికి మాత్రం సముద్రం వైపు నుంచి గాలి మొహాన కొట్టేది. నలభై దాటాక మోకాళ్ళు పట్టేయసాగాయి. వచ్చి అరుగు మీద కాళ్ళు చాపుకుని మోకాళ్ళు నొక్కుకుంటూ కూర్చునేది.

డెబ్బై నాలుగులో రత్తయ్య అనే రైతు తన పాత స్ప్రేయరును కొట్టులో పడేసి, "ఇది నాకొద్దు అంతోనీ, నువ్వే ఉంచుకో" అన్నాడు. ట్యాంకు పగిలింది గానీ ఇంజను బాగానే ఉంది.

అంతోని దాన్ని మార్త సైకిలుకు ఎక్కించాడు. వెనక చక్రం పైన ఇంజను బిగించి, టైరుకు ఆనేలా చిన్న రోలరు పెట్టాడు. రోలరు తిరిగితే చక్రం తిరుగుతుంది. కాస్త దూరం తోలడం, ప్లగ్గు ఊడదీసి చూడడం. నల్లబడితే పెట్రోలు ఎక్కువవుతోందని, తెల్లబడితే చాలడం లేదని లెక్క. కాఫీపొడి రంగు తేలేదాకా వదల్లేదు. ఆ రోజు గట్టు మీద ఇంజనును పూర్తి జోరుకు వదిలి తోలాడు. తుమ్మచెట్లు, నీళ్ళు, కొంగలు కలిసిపోయి ఒకటే పచ్చటి చారలా వెనక్కి జారిపోయాయి. గంటలో బెజవాడ చేరిపోవచ్చు అనిపించింది. కృష్ణ ఒడ్డు కళ్ళ ముందు మెరిసినట్టే అయింది.

మర్నాడు మార్త దాని మీద వెళ్ళి, చీకటి పడే వేళకు దాన్ని నడిపించుకుంటూ వచ్చింది.

"ఆగిపోయిందా?" అన్నాడు అంతోని.

"ఆగదండీ, అదే బాధ. నన్ను తీసుకెళ్ళడం లేదు, లాక్కుపోతోంది. కడుపుతో ఉన్న ఆ కొండలమ్మ అరుగు మీంచి పిలిచింది. నేను ఆపేసరికి ఊరు దాటిపోయాను. తగ్గిస్తే ఆరిపోతోంది."

"అలవాటైతే సరిపోతుందిలే."

"మీకు బెజవాడ వెళ్ళాలని ఉంది. నాకు కొండలమ్మ ఇంటికి వెళ్ళాలి," అంది మార్త. కోపంగా అనలేదు. అందుకే అతనికి ఎక్కువ తగిలింది.

ఇంజను విప్పి మూల పెట్టేశాడు. మార్త మళ్ళీ తొక్కుకుంటూనే వెళ్ళింది. నాలుగు రోజులు చూశాడు. అయిదో రోజు కొట్టు మూసి, అద్దె సైకిలు మీద ఆమె వెనకాలే బయల్దేరాడు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆమె పని చూడడం అదే మొదలు. నాట్లు వేస్తున్న ఒకామె బురద చేతులతో గట్టెక్కి వచ్చి చెవిలో ఏదో చెప్పింది. ఒక ముసలాయన మాత్ర నోట్లో వేసుకునేదాకా మార్త నిలబడే ఉంది. కొండలమ్మ మజ్జిగ ఇచ్చింది. దారంతా ఆగడమే. తిరిగి వస్తుంటే గాలి లేచింది. మార్త హ్యాండిలు మీదికి వంగి, పళ్ళు బిగించి తొక్కుతోంది.

ఆ వారమే బెజవాడ ఆటోనగర్ వెళ్ళి బెల్టు, కప్పీలు తెచ్చాడు. రోలరు తీసేసి, ఇంజనును చక్రం పైనుంచి పక్కకు దించాడు. వెనక చక్రం ఊచలకు ఇంకో రిమ్ము కట్టి, దాని చుట్టూ బెల్టు వేశాడు. చేతి దగ్గర ఒక మీట పెట్టాడు. అది లాగితే బెల్టు వదులై, ఇంజను తిరుగుతున్నా చక్రం ఆగుతుంది. అయితే ఆ ఇంజను జోరుగా తిరగడానికి చేసింది. మెల్లగా తిరగమంటే దగ్గి ఆగిపోయేది. మూడు వారాలు రోజూ మధ్యాహ్నం కళ్ళు మూసుకుని, పెట్రోలు వదిలే మరను వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. చివరికి ఒకనాడు దగ్గు పోయి, పక్క గదిలో కుట్టుమిషను తొక్కుతున్నట్టు సన్నని చప్పుడు నిలబడింది. అతను కళ్ళు తెరవకుండా అలాగే ఉండిపోయాడు.

మార్త ఆ సాయంత్రం ఇంకా వెలుగుండగానే ఇంటికొచ్చింది.

"ఎలా ఉంది?"

"గాలి ఉందని చెంపలకి తెలిసింది గానీ కాళ్ళకి తెలియలేదండీ."

ఆ చప్పుడు వినగానే ఆరు ఊళ్ళ ఆడవాళ్ళు పిల్లల్ని చంకనెత్తుకుని గట్టెక్కేవారు. కొండలమ్మకు కూతురు పుట్టింది. ఇద్దరు ముగ్గురు రైతులు అడిగితే అలాంటివే చేసి ఇచ్చాడు అంతోని. తర్వాత కంపెనీ మోపెడ్లు వచ్చాయి, ఇంకెవరూ అడగలేదు. అతను మళ్ళీ స్ప్రేయర్లలో పడ్డాడు.

ఒక ఆదివారం చర్చిలో పూజ అయ్యాక మార్త అతన్ని వెనక కూర్చోబెట్టుకుని గట్టు మీదుగా బయల్దేరింది. ఈనిన వరి మీద ఎండ మెత్తగా పరుచుకుంది. కాసేపటికి అతని తల ఆమె వీపుకు ఆనింది. నిద్రపోయాడు. మార్త ఇంజను తగ్గించింది, నడిచే మనిషి దాటిపోయేంతగా. ఇంటికి తిరిగే మలుపు వచ్చింది. ఆమె తిరగకుండా ముందుకే పోనిచ్చింది.